కదుల్తందా

మోచేతి కింద, లోపలివైపు,
కందిగింజంత.
దీపావళి ఆర్డరు పంపేశాక చూసుకున్నాను.
ఎప్పుడొచ్చిందో ఏమో,
కొంగలకి కాళ్లు అంటించే తొందరలో
నా చెయ్యి నేను చూసుకున్నదెప్పుడు?

పర్లాకిమిడిలో మా వీధి పొడుగునా
కాలిన కొమ్ము వాసన.
గేదె చచ్చినా కొమ్ముకి పని తప్పదు.
మగవాళ్లు కాల్చి, వంచి, చెక్కి ఇటు పడేస్తారు.
నునుపు మాది.
ముందు గరుకు కాగితం, తరవాత బొగ్గుపొడి,
నూనెగుడ్డ,
ఆఖర్న ఉత్త అరచెయ్యి.
గరుకు ఎక్కడ మిగిలిందో కంటికి ఆనదు,
వేలికి తెలుస్తుంది.
ముప్ఫై ఏళ్లలో ఈ వేలు నాకు అబద్ధం చెప్పలేదు.
భయం అందుకే.

పక్క పీట మీంచి లచ్చుము నవ్వింది:
"ఇన్ని కొమ్ములు తోమినావు గదే తవిటమ్మా,
ఒకటి నీకే మొలుస్తంది."
నేనూ నవ్వాను.
చేతిలో రొయ్య మీసం పుటుక్కున విరిగింది.

శివరాత్రికి బఠాణీ అంత.
మందులకొట్టు గుంటడు, మొన్నటిదాకా మా అరుగు మీద గోళీలాడినోడు,
కౌంటరు మీంచి వంగి అడిగాడు.
"నొప్పా?"
నేదు.
"కదుల్తందా?"
నొక్కాను. పక్కకి జరిగింది.
"కదిల్తే మరేటి ఫరవానేదు పిన్నీ."
పది రూపాయల మాత్రలు పొట్లం కట్టాడు.

మాత్రలు మూడ్రోజుల్లో అయిపోయాయి.
ఆ మాటే దాచుకుని దాచుకుని వాడుతున్నాను.
రాత్రి అందరూ పడుకున్నాక అడుగుతాను దాన్ని,
కదుల్తన్నావా అమ్మా?
కదుల్తుంది.
హమ్మయ్య అని అటు తిరిగి పడుకుంటాను.
మళ్లీ లేచి అడుగుతాను.

నడిచిపోయేంత దూరంలో ఆంధ్రా.
మా ఆడపడుచు పాతపట్నం మనిషి, ఆమెకి కార్డుంది,
శ్రీకాకుళంలో పైసా ఇవ్వకుండా
పిత్తాశయంలో రాళ్లు తీయించుకుని
సీసాలో వేసి తెచ్చి అందరికీ చూపించింది.
నా ఇల్లు ఇటు.
ఇటు కార్డులో మా ఆయనున్నాడు, కొడుకున్నాడు,
నా చోట ఒరియాలో తబిటా అని ఎవరో కూర్చుంది.
ఆధారులో తవిటమ్మ, కార్డులో తబిటా.
ఇద్దరిలో గడ్డ ఎవరికి లేచిందో తేల్చుకు రమ్మని
కిటికీ మూసేశారు.

కార్డు లేకపోతే లెక్క ఇదీ:
డాక్టరుకి మూడు వందలు, స్కానింగు పదకొండు వందలు,
సూదితో ఇంత తీసి విశాఖపట్నం పంపితే పద్దెనిమిది వందలు.
ఒక కొంగని నునుపు చేస్తే నాకు పన్నెండు రూపాయలు.
కొడుకు సెల్లులో నొక్కి చెప్పాడు,
రెండు వందల అరవయ్యేడు కొంగలమ్మా.
అన్నీ వచ్చి నిలబడ్డాయి నా మంచం చుట్టూ
ఒంటికాలి మీద.

బరంపురం పెద్దాసుపత్రిలో డబ్బడగరు,
రోజులు అడుగుతారు.
ఈ రోజు పేరు రాసి, ఎల్లుండి చూసి, వచ్చేవారం రమ్మంటారు.
సర్దారేమో పెళ్లిళ్ల ఆర్డరు అయ్యాక పొమ్మన్నాడు.
పెళ్లిళ్లకి దువ్వెనలు, కుంకుమ భరిణెలు.
ఎవరి ఇంట్లోనో మంచి జరగాలిగా.

నిన్న రాత్రి అడిగితే
కదిలిందో,
చర్మం జరిగిందో,
నూనె వేలు జారిందో.

పొద్దున్న పనిలో ఉండగా చెయ్యి చాపాను.
"లచ్చుమూ, నీ వేలు ఒకసారి ఇలా పెట్టు."
అది బొగ్గు చీర కొంగుకి తుడుచుకుంది.
కళ్లు మూసుకుంది, నునుపు చూసేటప్పుడు మూసుకున్నట్టే.
ఒకసారి నొక్కింది. ఇంకోసారి, అటువైపు నించి.
జోకు వేస్తుందని చూశాను.

సగం తోమిన కొంగని పీట కింద పెట్టి
"బరంపురం బస్సు ఎన్నింటికే?" అంది,
"నానూ వస్తాను."